ఒక్కడి పేరు.. పదిమంది చేతులు

*అమెరికన్ ఫుట్‌బాల్‌లో గెలుపైనా ఓటమైనా క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే రాస్తారు. 2018లో ఒకే రాత్రి ఎంపికైన ఐదుగురు కుర్రాళ్ల ఏడు సీజన్లను వెనక్కి తిప్పి చూస్తే, ఆ ఖాతాలో ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది.*

2019 అక్టోబరు 21, సోమవారం రాత్రి. న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో న్యూయార్క్ జెట్స్ జట్టు సొంత అభిమానుల ముందే న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ చేతిలో చిత్తవుతోంది. జెట్స్ క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్‌కి అప్పటికి 22 ఏళ్లు. టీవీ ప్రసారం కోసం అతని ఒంటికి మైకు తగిలించారు. మైదానం పక్కకొచ్చి బెంచీ మీద కూర్చున్న ఆ కుర్రాడు ‘నాకు దయ్యాలు కనిపిస్తున్నాయి’ అన్నాడు. మీదికి రాని మనిషి కూడా వచ్చిపడుతున్నట్టే తోస్తోందని, ఎటు చూసినా ఉచ్చే అనిపిస్తోందని అతని బాధ. ఆ మాట దేశమంతా విన్నది. ఆ రాత్రి అతను 32 సార్లు బంతి విసిరితే తనవాళ్లకు అందినవి 11. ప్రత్యర్థుల చేతుల్లో పడినవి నాలుగు. స్కోరు 33-0.

ఆ తర్వాత రెండు జట్లు అతన్ని వదులుకున్నాయి. మూడో జట్టులో మరొకరి వెనక కూర్చున్నాడు. 2024లో మిన్నెసోటా వైకింగ్స్ తరఫున బరిలో దిగిన అదే డార్నాల్డ్ ఒక్క సీజన్‌లో 4,319 గజాలు, 35 టచ్‌డౌన్ పాస్‌లు (ప్రత్యర్థి చివరి గీత దాటి పాయింట్లు తెచ్చినవి) విసిరాడు. 17 మ్యాచ్‌లలో జట్టు 14 గెలిచింది.

జెట్స్‌లో ఉన్నదీ ఆ కుడిచెయ్యే, వైకింగ్స్‌లో ఉన్నదీ ఆ కుడిచెయ్యే. మరి మధ్యలో ఎదిగింది డార్నాల్డా, మారింది అతని చుట్టూ ఉన్న మనుషులా? ఆటలో కొత్త కుర్రాళ్లను తూచేవాళ్లంతా ఇక్కడే తడబడతారు. కోట్ల డాలర్ల జీతాలు, కోచ్‌ల ఉద్యోగాలు, 21 ఏళ్లకే ‘పనికిరాడు’ అనిపించుకునే కుర్రాళ్ల జీవితాలు ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉన్నాయి.

రెండున్నర సెకన్ల లోకం

క్రికెట్ అలవాటైన కళ్లకు ఈ చిక్కు వెంటనే కనిపించదు. బ్యాటర్ సగటు చాలావరకు అతని సొంతం. బౌలర్ వేసిన బంతి అతనికి ఎదురవుతుంది, కొట్టినా అతనే, అవుటైనా అతనే. ఫుట్‌బాల్‌లో అలా కాదు. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరగాలి, జరిగితే మళ్లీ నాలుగు దక్కుతాయి. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. అక్కణ్నుంచి అతనికి దొరికే సమయం రెండున్నర సెకన్లు, మహా అయితే మూడు.

ఆ కాస్త సమయం కూడా అతను సంపాదించుకున్నది కాదు. ముందు నిలబడ్డ ఐదుగురు లైన్‌మెన్ ఇస్తే వచ్చేది. ఒక్కొక్కరు 130 కిలోలు దాటిన ఈ ఐదుగురి పేర్లు మామూలు ప్రేక్షకుడికి తెలియవు. వీళ్లలో ఒక్కడు అడుగు తప్పినా క్వార్టర్‌బ్యాక్ బంతితో సహా నేలకూలతాడు. దాన్ని ‘శాక్’ అంటారు. ఈలోగా బంతి అందుకోవాల్సిన రిసీవర్లు ముందే అనుకున్న దారుల్లో పరుగెత్తి, అనుకున్న అడుగు దగ్గరే మలుపు తిరగాలి. ఎందుకంటే వాళ్లు తిరిగి చూడకముందే బంతి చెయ్యి దాటిపోతుంది. అక్కడ మనిషి ఉంటాడన్న నమ్మకంతో ఖాళీ జాగాలోకి విసిరే విద్య ఇది. ఏ ఆట ఆడాలో కోచ్ క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియోలో చెవికి చెబుతాడు. ఆట మొదలుపెట్టడానికి ఇచ్చిన గడువులో 15 సెకన్లు మిగలగానే ఆ గొంతు ఆగిపోతుంది.

అన్నీ కుదిరాక విసిరిన బంతి అందితే అందరికీ కనిపించేది విసిరినవాడే. అందకపోయినా వాడే. మృదంగం లయ తప్పిన కచేరీలో గాయకుడికి తాళజ్ఞానం లేదని తేల్చేసినట్టుంటుంది చాలాసార్లు ఈ తీర్పు.

లెక్కలు చూద్దామా అంటే అవీ ఈ తప్పునే తిరగరాస్తాయి. 1973 నుంచి లీగ్ వాడుతున్న ‘పాసర్ రేటింగ్’ చూసేవి నాలుగే: ఎన్ని బంతులు అందాయి, ఎన్ని గజాలు వచ్చాయి, టచ్‌డౌన్లు ఎన్ని, ప్రత్యర్థికి చిక్కిన బంతులు, అంటే ఇంటర్‌సెప్షన్లు ఎన్ని. అత్యధికంగా 158.3 వస్తుంది. మూడు గజాల దూరంలో ఉన్నవాడికి మెల్లగా అందించిన బంతిని పట్టుకుని ఆ మనిషి 70 గజాలు పరుగెత్తితే, ఆ 70 గజాలూ విసిరినవాడి ఖాతాలోకే వెళతాయి. కచ్చితంగా గుండెల మీదకొచ్చిన బంతిని రిసీవర్ జారవిడిచి, అది ఎగిరి ప్రత్యర్థి చేతిలో పడితే ఆ ఇంటర్‌సెప్షనూ విసిరినవాడిదే. అతను ఎన్నిసార్లు నేలకూలాడో ఈ రేటింగ్‌కి అక్కర్లేదు.

ఆర్లింగ్టన్‌లో ఆ రాత్రి

2018 ఏప్రిల్ 26న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, డాలస్ కౌబాయ్స్ ఆడే ఏటీ అండ్ టీ స్టేడియంలో డ్రాఫ్ట్ జరిగింది. ఇర్వింగ్, ఫ్రిస్కో ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఆ స్టేడియం కారులో వెళ్లొచ్చే దూరమే. కాలేజీ ఆటగాళ్లను 32 జట్లు వంతులవారీగా ఎంచుకునే ఆ కార్యక్రమంలో మొదటి రౌండ్‌లోనే ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయారు. 1999 తర్వాత అంతమంది వెళ్లడం అదే మొదలు. బేకర్ మేఫీల్డ్ మొదటి స్థానంలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కి, డార్నాల్డ్ మూడో స్థానంలో జెట్స్‌కి, జోష్ అలెన్ ఏడో స్థానంలో బఫలో బిల్స్‌కి, జోష్ రోజెన్ పదో స్థానంలో అరిజోనా కార్డినల్స్‌కి దక్కారు. లమార్ జాక్సన్ పేరు చిట్టచివర, 32వ స్థానంలో వినిపించింది. బాల్టిమోర్ రేవెన్స్ తీసుకుంది.

డ్రాఫ్ట్ నియమంలోనే ఒక క్రూరత్వం ఉంది. ముందటేడు ఎక్కువ ఓడిన జట్టుకే ముందుగా ఎంచుకునే హక్కు. జట్ల మధ్య సమానత్వం కోసం పెట్టిన నియమమే, కాదనను. కానీ దాని ఫలితం ఏమిటంటే, అందరికంటే మెరుగని నమ్మిన కుర్రాడు అందరికంటే బలహీనమైన లైన్ వెనక్కి, రేపోమాపో ఉద్యోగం పోయే కోచ్ చేతికి వెళతాడు. బ్రౌన్స్ 2017లో 16 మ్యాచ్‌లూ ఓడి మొదటి వంతు తెచ్చుకున్నారు. అదే బఫలో, బాల్టిమోర్ అంతకుముందు ఏడాది చెరి 9 మ్యాచ్‌లు గెలిచి, కుదురుగా ఉన్న జట్లు. అవి బేరాలాడి వంతులు మార్చుకుని మరీ తమవాళ్లను తీసుకున్నాయి. ఆ ఐదుగురిలో లీగ్ అత్యుత్తమ ఆటగాడి (ఎంవీపీ) పురస్కారం అందుకున్న ఇద్దరూ ఆ రెండు జట్లలోనే తేలడం నాకు యాదృచ్ఛికంగా కనిపించదు. ఐదుగురితో సిద్ధాంతం నిలబడదన్నదీ నిజమే. అందుకే ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూడాలి.

ముందుగా డార్నాల్డ్. మొదటి ఏడాది ముగిసేసరికి హెడ్ కోచ్ టాడ్ బౌల్స్‌ని తీసేశారు. 2019 మే నెలలో, డ్రాఫ్ట్ అయిపోయిన కొద్ది వారాలకు, డార్నాల్డ్‌ని ఏరికోరి తెచ్చిన జనరల్ మేనేజర్‌నీ పంపేశారు. కొత్త కోచ్‌గా ఆడమ్ గేస్ వచ్చాడు. గేస్ అంతకుముందు మూడేళ్లు మయామీలో రయన్ టానెహిల్ అనే క్వార్టర్‌బ్యాక్‌తో పనిచేశాడు. ఆ టానెహిల్ అదే 2019లో టెనెసీకి మారి 117.5 రేటింగ్‌తో లీగ్‌లోనే మొదటివాడయ్యాడు. గేస్‌ని వదిలి వెళ్లినవాడు వికసించిన ఏడే, గేస్ చేతికి వచ్చినవాడు దయ్యాలు కనిపిస్తున్నాయన్నాడు. 2020లో జెట్స్ 16 మ్యాచ్‌లలో రెండే గెలిచింది. మూడేళ్లలో డార్నాల్డ్ ఆడిన 38 మ్యాచ్‌లలో గెలిచినవి 13. 45 టచ్‌డౌన్లు, 39 ఇంటర్‌సెప్షన్లు. ఆ 39లో అతని తొందరపాటు ఎంతో ఉంది. మొదటి మ్యాచ్‌లో విసిరిన మొట్టమొదటి బంతే ప్రత్యర్థికి చిక్కి టచ్‌డౌన్ అయిపోయింది. ఆ మ్యాచ్‌ని తర్వాత 48-17తో గెలిపించాడనేది కూడా చెప్పాలి. కుంగిపోయే స్వభావం కాదు. అలాంటివాడికి ఏడాది తిరగకుండా లేనివాళ్లు కనిపించడం మొదలైంది.

మేఫీల్డ్ కథ ఇంకా గజిబిజి. మొదటి ఏడాదే 27 టచ్‌డౌన్ పాస్‌లతో అప్పటికి కొత్తవాళ్లలో రికార్డు సృష్టించాడు. మూడేళ్లలో ముగ్గురు పూర్తిస్థాయి హెడ్ కోచ్‌లను చూశాడు. మూడో కోచ్ కెవిన్ స్టెఫాన్‌స్కీ వచ్చాక, బలమైన లైన్ కుదిరాక, 2021 జనవరిలో పిట్స్‌బర్గ్‌ని 48-37తో ఓడించి బ్రౌన్స్‌కి పాతికేళ్లకు పైగా దక్కని ప్లేఆఫ్ విజయం తెచ్చాడు. మరుసటి ఏడు భుజం గాయంతోనే ఆడాడు, ఆట పడిపోయింది, క్లీవ్‌లాండ్ అతన్ని వదిలించుకుంది.

2022లో కరొలినా పాంథర్స్ దగ్గర ఒక వింత జరిగింది. 2018 డ్రాఫ్ట్‌లో మొదటివాడు మేఫీల్డ్, మూడోవాడు డార్నాల్డ్ ఒకే గదిలో, ఒకే ఉద్యోగం కోసం పోటీ పడ్డారు. అక్టోబరులో హెడ్ కోచ్‌ని తీసేశారు. డిసెంబరు మొదటి వారంలో మేఫీల్డ్‌ని విడుదల చేశారు. లాస్ ఏంజెలెస్ రామ్స్ అతన్ని పిలిచింది. విమానం దిగిన రెండు రోజులకు, ఆటల పుస్తకం పూర్తిగా చదవకుండానే డిసెంబరు 8న బరిలో దిగి, చివరి నిమిషాల్లో 98 గజాలు జట్టుని నడిపించి రెయిడర్స్‌ని 17-16తో ఓడించాడు. సరైన కోచ్ చెవిలో ఉంటే రెండు రోజుల్లో కూడా ఏం చేయొచ్చో ఆ రాత్రి చూపించింది. తర్వాత టాంపా బేలో మైక్ ఎవాన్స్, క్రిస్ గాడ్విన్ లాంటి రిసీవర్లు, ట్రిస్టన్ వర్ఫ్స్ లాంటి లైన్‌మన్ దొరికారు. 2024లో 4,500 గజాలు, 41 టచ్‌డౌన్లు. కరొలినా తలుపు చూపించిన మనిషే ఇతను.

మనిషిని మార్చి చూసిన జట్టు

చుట్టూ ఉన్నవాళ్లే సర్వం అనేవాళ్లు కూడా ఉన్నారు. మంచి కోచ్, మంచి రిసీవర్లు ఉంటే ఎవరు విసిరినా ఒకటే అంటారు. ఆ వాదన నాకు మింగుడుపడదు. దానికి జవాబు మిన్నెసోటాలోనే ఉంది.

డార్నాల్డ్ రావడానికి ముందటేడు, 2023 అక్టోబరు చివర్లో వైకింగ్స్ క్వార్టర్‌బ్యాక్ కిర్క్ కజిన్స్ మడమ స్నాయువు తెగి సీజన్‌కి దూరమయ్యాడు. తర్వాత డార్నాల్డ్‌ని నడిపించిన కెవిన్ ఓకానలే అప్పుడూ కోచ్. ఆ ఏడాది మొత్తం నలుగురు ఆ స్థానంలో మ్యాచ్ మొదలుపెట్టారు. ప్రధాన రిసీవర్ జస్టిన్ జెఫర్‌సన్ కూడా గాయంతో కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. చివరికి 7 గెలుపులు, 10 ఓటములు. ఆ నలుగురిలో నిక్ మలెన్స్ అనే అనుభవజ్ఞుడు డిసెంబరు 24న డెట్రాయిట్ మీద 411 గజాలు విసిరాడు. అదే మ్యాచ్‌లో నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, జట్టు ఓడింది. నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు అంతకంటే మంచి సాక్ష్యం లేదు. మంచి రిసీవర్లు, మంచి పథకం గజాలు తెచ్చిపెడతాయి. ఎప్పుడు విసరకూడదో వాళ్లెవరూ నేర్పలేరు.

2024లో వైకింగ్స్ డార్నాల్డ్‌ని తెచ్చింది తాత్కాలికంగానే. ఏడాదికి కోటి డాలర్లు, లీగ్ లెక్కలో చిన్న మొత్తం. అసలు ఆశ డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో తీసుకున్న జేజే మెకార్తీ మీద. ఆగస్టులో ఆ కుర్రాడి మోకాలు దెబ్బతినడంతో సీజన్ మొత్తం డార్నాల్డ్ చేతిలో పడింది. ఓకానల్ కూడా ఒకప్పుడు క్వార్టర్‌బ్యాకే. కుర్రాళ్లు సంస్థలను దెబ్బతీసే ముందు సంస్థలే కుర్రాళ్లను దెబ్బతీస్తాయన్నది అతను బహిరంగంగా చెప్పే మాట. ఆ ఏడాది డార్నాల్డ్ విసిరిన బంతుల్లో నూటికి 66 అందాయి. జెట్స్‌లో చివరి ఏడాది అది 60 కూడా లేదు.

ఆ మార్పుకు కారణం జెఫర్‌సన్, జోర్డన్ ఆడిసన్ లాంటి రిసీవర్లేనని సరిపెట్టుకోవచ్చు. కానీ 2023లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ దగ్గర డార్నాల్డ్ గడిపిన ఏడాదిని మరచిపోకూడదు. అక్కడ 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరివాడిగా, 262వ స్థానంలో ఎంపికైన బ్రాక్ పర్డీ ఆడుతుంటే, 2018లో మూడో స్థానం పొందిన డార్నాల్డ్ పక్కన నిలబడి చూశాడు. కైల్ షానహాన్ లాంటి కోచ్ ఆటను ఎలా అల్లుతాడో, పాదం ఎక్కడ పడితే కన్ను ఎటు తిరగాలో రోజూ గమనించాడు. మొదటి ఏడాదే బరిలోకి తోయకుండా ఒక ఏడాది కూర్చోబెట్టి నేర్పించడం పాత పద్ధతి. ఆరన్ రాడ్జర్స్ గ్రీన్‌బేలో మూడేళ్లు బ్రెట్ ఫావ్ వెనక కూర్చుని నేర్చుకున్నాడు. అదే 2005లో రాడ్జర్స్ కంటే 23 స్థానాలు ముందు, మొట్టమొదటివాడిగా ఎంపికైన అలెక్స్ స్మిత్‌కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు ఏటా కొత్త అఫెన్సివ్ కోఆర్డినేటరే. జట్టు పాస్‌ల పథకం రాసి, రోజూ క్వార్టర్‌బ్యాక్‌కి నేర్పే కోచ్ అతనే. స్మిత్‌ని పనికిరాడనుకుంటూ ఆరేళ్లు గడిచాక, 2011లో జిమ్ హార్బా హెడ్ కోచ్‌గా రాగానే ఆ జట్టు 13 మ్యాచ్‌లు గెలిచింది.

బఫలోలో ఏం జరిగింది

ఐదుగురిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది జోష్ అలెన్ ప్రయాణం. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న ఊళ్లో వ్యవసాయ కుటుంబం. స్కూలు అయ్యాక పెద్ద యూనివర్సిటీ ఏదీ పిలవలేదు. రీడ్లీ అనే చిన్న కాలేజీలో ఆడుతూ దేశంలోని కోచ్‌లందరికీ ఈమెయిళ్లు పంపుకొన్నాడు. చివరికి వయోమింగ్ తీసుకుంది. చేతిలో తుపాకీ బలం, గురి మాత్రం అనుమానం. అక్కడ అతని పాస్‌లు నూటికి 56 అందాయి. కాలేజీలో గురి లేనివాడికి పై స్థాయిలో గురి రాదన్నది ఈ ఆటలో బాగా పాతుకుపోయిన నమ్మకం.

2018లో బఫలో అతనికి అండ ఇచ్చిందని చెప్పలేను. ఆ ఏడాది లైన్‌లోని ముగ్గురు ముఖ్యులు, కార్డీ గ్లెన్, ఎరిక్ వుడ్, రిచీ ఇంకాగ్నీటో, ఒకేసారి లేకుండా పోయారు. అలెన్ పాస్‌లు నూటికి 52.8 అందాయి. కాలేజీలోకన్నా తక్కువ. పది టచ్‌డౌన్లు, పన్నెండు ఇంటర్‌సెప్షన్లు. మరో జట్టయితే ఇక్కడే చేతులు దులుపుకొనేది. బఫలో మాత్రం కోచ్‌నీ మార్చలేదు, మేనేజర్‌నీ మార్చలేదు, అఫెన్సివ్ కోఆర్డినేటర్ బ్రయన్ డాబల్‌నీ మార్చలేదు. 2019లో లైన్ మధ్యలో మిచ్ మోర్స్‌ని, రిసీవర్లుగా జాన్ బ్రౌన్, కోల్ బీస్లీలను తెచ్చింది. ఆ ఏడాది 58.8. అలెన్ సెలవుల్లో జోర్డన్ పామర్ అనే శిక్షకుడి దగ్గర తన శరీరం కదిలే తీరును విడగొట్టి కొలిపించుకున్నాడు. నడుము తిరిగే వేళకూ చెయ్యి వచ్చే వేళకూ పొత్తు కుదిర్చే పని అది. 2020 మార్చిలో బఫలో తన మొదటి రౌండ్ ఎంపికతో పాటు మరికొన్ని ఇచ్చి స్టెఫాన్ డిగ్స్‌ని మిన్నెసోటా నుంచి తెచ్చింది. ఆ ఏడాది డిగ్స్ 127 బంతులు, 1,535 గజాలతో లీగ్‌లో మొదటివాడయ్యాడు. అలెన్ 69.2కి ఎగబాకాడు. 37 టచ్‌డౌన్లు, 13 గెలుపులు.

ఈ 69.2లో డిగ్స్‌ది ఎంత, అలెన్‌ది ఎంత? చాలాకాలం దీనికి జవాబు దొరకలేదు. 2024లో బఫలోనే ఆ పరీక్ష పెట్టింది. డిగ్స్‌ని హ్యూస్టన్‌కి పంపేసింది, రెండో రిసీవర్ గేబ్ డేవిస్ వెళ్లిపోయాడు, మోర్స్‌నీ వదులుకుంది. సీజన్ మొదలయ్యేసరికి పెద్ద పేరున్న రిసీవర్ ఒక్కడూ లేడు. ఆ సీజన్‌లో అలెన్ పాస్‌లు 63.6 శాతం అందాయి. అంటే 2020 నాటి శాతంలో కొంత డిగ్స్ చలవేనని ఒప్పుకోవాలి. కానీ ముందటేడు 18 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చినవాడు 2024లో ఇచ్చినవి ఆరు. టచ్‌డౌన్లు విసిరినవి 28, తనే పరుగెత్తి చేసినవి 12. సీజన్ మొత్తంలో అతన్ని పడగొట్టగలిగింది 14 సార్లే. బఫలో 13 గెలిచింది, ఎంవీపీ పురస్కారం అతనికే దక్కింది. అండ తీసేశాక కూడా మిగిలిన ఆ భాగమే అతని ఎదుగుదల. 52.8కీ 63.6కీ మధ్య ఉన్న దూరం అతను నడిచింది. ఆ నడక పూర్తయ్యేదాకా ఓపిక పట్టింది జట్టు.

లమార్ జాక్సన్ విషయంలో బాల్టిమోర్ మరో దారి పట్టింది. కుర్రాడిని పథకానికి సరిపెట్టకుండా, పథకాన్నే కుర్రాడికి సరిపెట్టింది. కొందరు అతను క్వార్టర్‌బ్యాకే కాదని, రిసీవర్‌గా మారమని అన్నారు. 2019లో కోఆర్డినేటర్ గ్రెగ్ రోమన్ అతని కాళ్ల చుట్టూ ఆటను కట్టాడు. 36 టచ్‌డౌన్ పాస్‌లు, 1,206 గజాల పరుగు, ఒక్క ఓటూ పక్కకు పోకుండా ఎంవీపీ. 2023లో రెండోసారి. 32వ స్థానందాకా అతన్ని వదిలేసిన జట్ల గురించి ఇక చెప్పేదేముంది.

ఐదోవాడు

జోష్ రోజెన్ గురించి రాసేటప్పుడు మనసు బరువెక్కుతుంది. కాలేజీ రోజుల్లో విసిరే తీరులో అందం ఉన్నవాడని అతనికి పేరు. యూసీఎల్‌ఏలో మూడేళ్లలో ముగ్గురు కోఆర్డినేటర్ల కింద ఆడాడు. అరిజోనాలో మొదటి ఏడాది ఏడు మ్యాచ్‌లకే కోఆర్డినేటర్ మైక్ మెకాయ్‌ని తీసేసి బైరన్ లెఫ్ట్‌విచ్‌ని పెట్టారు. లైన్‌మెన్ ఒకరి తర్వాత ఒకరు గాయపడ్డారు. రోజెన్‌ని 45 సార్లు పడగొట్టారు. 11 టచ్‌డౌన్లు, 14 ఇంటర్‌సెప్షన్లు, జట్టుకు 3 గెలుపులు. హెడ్ కోచ్‌ని ఒక్క ఏడాదికే ఇంటికి పంపారు. కొత్త కోచ్ క్లిఫ్ కింగ్స్‌బరీ రాగానే 2019 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా కైలర్ మరేని తీసుకుని, రోజెన్‌ని మయామీకి ఇచ్చేశారు. అక్కడ మళ్లీ కొత్త కోఆర్డినేటర్. 2015 నుంచి 2019 వరకు ఐదేళ్లలో ఆరుగురు. ప్రతి ఒక్కరూ ఒకే ఆటకు వేరే పేరు పెడతారు, వేరే కన్నుతో మైదానాన్ని చదవమంటారు. ఆ తర్వాత అతను జట్టు నుంచి జట్టుకు తిరిగి ఆటకు దూరమయ్యాడు.

అతను అలెన్ అయ్యేవాడని నేను అనను. మయామీలో కూడా మొదలుపెట్టిన మూడు మ్యాచ్‌లూ ఓడాడు. కాళ్లతో తప్పించుకునే నేర్పు అలెన్‌కి, జాక్సన్‌కి ఉన్నట్టు అతనికి లేదు. కూలే లైన్ వెనక అది లేకపోవడం పెద్ద లోటే. కానీ మొదటి ఏడాది చివర అలెన్ అంకెలూ రోజెన్ అంకెలూ పక్కపక్కన పెట్టండి. పది, పన్నెండు, పదకొండు, పద్నాలుగు. పాస్‌ల శాతంలో రోజెన్‌దే కాస్త ఎక్కువ, 55.2. ఆ ఇద్దరిలో ఎవరు ఎంవీపీ అవుతారో, ఎవరు కనుమరుగవుతారో ఆ అంకెలు చూసి చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. ఒకరికి రెండో ఏడాది దొరికింది, మూడో ఏడాది దొరికింది. ఇంకొకరికి దొరకలేదు. 2002లో హ్యూస్టన్ కొత్త జట్టు తన మొట్టమొదటి ఎంపికైన డేవిడ్ కార్‌ని ఒకే సీజన్‌లో 76 సార్లు పడగొట్టనిచ్చింది. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అలా కొట్టించుకున్న కుర్రాడిలో దాగిన ప్రతిభ ఎంతో ఏ లెక్కా చెప్పలేదు.

కొత్త పరికరాలు కొంత సాయపడుతున్నాయి. ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో చిప్‌లు పెట్టి సెకనుకు 10 సార్లు ఎవరెక్కడున్నారో నమోదు చేస్తున్నారు. రిసీవర్‌కి ఎన్ని అడుగుల ఖాళీ దొరికింది, మీదికి ఎవరు ఎంత దగ్గరగా వచ్చారు, ఆ స్థితిలో సగటు క్వార్టర్‌బ్యాక్ విసిరితే ఎంత శాతం అందాలి, ఇతను విసిరితే ఎంత అందింది అని తేల్చుతున్నారు. పాత రేటింగ్‌కన్నా ఇది ఎంతో మేలు. అయినా ఆ ఖాళీ కోచ్ పథకం వల్ల వచ్చిందా, రిసీవర్ నేర్పు వల్లా, లేక క్వార్టర్‌బ్యాక్ కళ్లతో డిఫెండర్‌ని పక్కకు లాగడం వల్లా అన్నది చిప్ చెప్పలేదు. నేను నమ్మే కొలత ఇంకోటి ఉంది. జట్టు మారినప్పుడు మనిషితోపాటు ప్రయాణించేది ఏమిటి, అక్కడే ఉండిపోయేది ఏమిటి అని చూడటం. మేఫీల్డ్‌తో తెగువ క్లీవ్‌లాండ్ నుంచి టాంపా దాకా వచ్చింది. 2024లో 16 ఇంటర్‌సెప్షన్లు కూడా ఆ తెగువ వెంటే వచ్చాయి. క్లీవ్‌లాండ్‌లో చివరి ఏడాది కనిపించిన గురి లోపం మాత్రం టాంపా దాకా రాలేదు.

డార్నాల్డ్‌తో ప్రయాణించిందేమిటో 2024 సీజన్ చివరి రెండు మ్యాచ్‌లు చూపించాయి. 2025 జనవరి 5న డెట్రాయిట్‌లో 41 సార్లు విసిరితే 18 అందాయి, 31-9తో ఓటమి. ఎనిమిది రోజులకు ప్లేఆఫ్‌లో రామ్స్ మీద తొమ్మిదిసార్లు నేలకూలాడు. ప్లేఆఫ్ చరిత్రలో అంతకంటే ఎక్కువసార్లు ఎవరినీ పడగొట్టలేదు. 27-9. ఎడమ అంచున నిలిచే క్రిస్టియన్ డారిసా అక్టోబరులోనే గాయపడ్డాడు. మధ్యలోని లైన్ కూలిపోయింది. ఇవన్నీ నిజమే. బంతిని ఎక్కువసేపు చేతిలో ఉంచుకునే అలవాటు జెట్స్ రోజుల నుంచీ అతనిదే అన్నదీ నిజమే. ఆ తొమ్మిదింటిలో కొన్ని లైన్ తప్పు, కొన్ని అతని తప్పు. ఆ రాత్రి వీడియో చూసినవాళ్లకు రెండూ కనిపిస్తాయి.

మిన్నెసోటా అతన్ని వెళ్లనిచ్చింది. కారణం ఆట ఒక్కటే కాదు, డబ్బు కూడా. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తర్వాత డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడికి స్థానాన్నిబట్టి నిర్ణయించిన జీతమే. నాలుగేళ్లు అతను చవక. ఆ చవక ఏళ్లలో మిగిలిన డబ్బుతో చుట్టూ మంచి జట్టు కట్టుకోవచ్చు. క్వార్టర్‌బ్యాక్‌కి పెద్ద జీతం ఇవ్వడం మొదలయ్యాక అతన్ని కాపాడేవాళ్లకు ఇచ్చేందుకు మిగిలేది తగ్గిపోతుంది. ఎదిగినవాడికే అండ పలచబడటం ఈ లీగ్ లెక్కల్లోని చిత్రమైన న్యాయం. అందుకే వైకింగ్స్ మెకార్తీ వైపు మొగ్గింది.

2025 మార్చిలో సియాటిల్ సీహాక్స్ మూడేళ్లకు 10 కోట్ల 5 లక్షల డాలర్ల ఒప్పందంతో డార్నాల్డ్‌ని తీసుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతను పక్కన నిలబడి నేర్చుకున్న ఏడాది అదే జట్టులో పనిచేసిన క్లింట్ కూబియాక్‌ని కోఆర్డినేటర్‌గా తెచ్చుకుంది. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ వచ్చింది. సియాటిల్ వంతు 18. రామ్స్ మ్యాచ్‌లో ఆ తొమ్మిది దెబ్బలు ఏ వైపు నుంచి వచ్చాయో చూసినవాళ్లు తీసుకునే నిర్ణయమే తీసుకుంది. రిసీవర్‌ని కాదు, పరుగువీరుడిని కాదు, నార్త్ డకోటా స్టేట్ నుంచి గ్రే జేబల్ అనే లైన్‌మన్‌ని ఎంచుకుని, లైన్ లోపలి వైపు, ఎడమ గార్డ్ స్థానంలో నిలబెట్టింది.